సైకిలు చక్రములోని గాలి

ప్రతి సంవత్సరము ఈ సంచికయందు ఉపాధ్యాయులు వ్రాయు వ్యాసములు క్రమశిక్షణను గూర్చియో, గ్రంథపఠనమును గూర్చియో, సత్ప్రవర్తనను గూర్చియో యుండుట వాడుక. మేమును అట్టివి కొన్ని వ్రాసియున్నాము. ఇప్పుడు సైకిలు చక్రములోని గాలిని గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు కొందఱు నవ్వుదురేమో! నవ్వినను దోషము లేదు. కాని గత జూలై మాసమున మా పాఠశాలలో జరిగినదానిని విన్న పిమ్మట, ఈ విషయము క్రమశిక్షణకు అంత దూరమైనది కాదని వారును ఒప్పుకొందురని మా నమ్మకము.

ఆ దినమున మొదటి పిరియడు సగము గడచినది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చెమటలు కారుచు వచ్చి గుమ్మము చెంత నిలిచెను. ఆ వారములో ఆమెకది మూడవ ఆలస్యము. మేము కారణ మడుగలేదు. "అక్కడే నిలువుము" అని పాఠము సాగించితిమి. విరామ సమయమున ఆమె సైకిలు మా కంటబడినది. వెనుక చక్రమున గాలి బొత్తిగా లేదు. టైరు ప్రక్కలు ముడుతలు పడి, రిమ్ము నేలను తాకుచున్నది. "ఏమమ్మా, ఇట్లు ఎంత దూరము వచ్చితివి?" అని యడిగితిమి. "కాలవ కట్టమీద కంపముల్లు ఇరిగింది సార్. ఆడనుంచి తోసుకోనే వస్తిని" అని తల వంచుకొని చెప్పెను. ఆ కట్టనుండి పాఠశాలకు ఐదు కిలోమీటర్లకు తక్కువ లేదు. పుస్తకముల సంచి వెనుక కట్టుకొని, సైకిలు నెక్కక, సైకిలును తానే మోసినట్లు ఐదు కిలోమీటర్లు తోసికొని వచ్చిన పిల్లను మేము గుమ్మమువద్ద నిలువబెట్టితిమి! ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఆ సాయంకాలము పిల్లలు ఇండ్లకు మరలకముందు సైకిళ్ళపాకలోనికి పోయి, ఒక్కొక్క చక్రమును బొటనవ్రేలితో నొక్కి చూచితిమి. సగమునకు పైగా చక్రములు మామిడిపండువలె మెత్తగ నుండెను. కొన్నిటిలో వ్రేలికి రిమ్ము అంచు తగిలినది. రెండు సైకిళ్ళు ఎన్నాళ్ళనుండియో కదలక పాక మూలను పడియున్నవి. వాని యజమానులను విచారింపగా, పంచరు పడినదనియు, నాయన తీరిక చూచుకొని వచ్చి బాగుచేయించుననియు, అంతవరకు ఆటోలో వచ్చుచున్నామనియు చెప్పిరి. ఆటోకు డబ్బు లేని దినమున బడికి రారు. హాజరుపట్టీలో మేము సున్న చుట్టుచున్నాము. ఆ సున్నలలో ఎన్ని చక్రములవి, ఎన్ని పిల్లలవి అని అంతవఱకు మే మాలోచింపలేదు.

బాలికల సంగతి మఱింత చిక్కైనది. బడి దూరమైనచో ఆడపిల్లలు చదువు మానుకొందురని యెఱిగియే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని తొమ్మిదవ తరగతి బాలికలకు "బడికొస్తా" అను పేర సైకిళ్ళు పంచిపెట్టినది. మంచి పనియే. కాని సైకిలు ఒకసారి ఇచ్చిన చాలును. గాలి వారమువారము కావలెను. నిర్మానుష్యమైన కాలువకట్టమీద కుమార్తె నెలకు రెండుమార్లు చిక్కుకొనినచో, ఏ తండ్రియైనను ఎంతకాలము ఓర్చును? "ఈ యేటికి చాలులే" అనును. ఆ మాట పలికించునది దారిద్ర్యమే యని, ఛాందసమే యని మనము సభలలో ప్రసంగింతుము. ఒక్కొకచోట అది కేవలము ఒక ముల్లు.

ముల్లన్న జ్ఞాపకము వచ్చినది. మన కర్నూలు కడప ప్రాంతములకును ముల్లునకును గల సంబంధము విచిత్రమైనది. నల్లతుమ్మ, రేగు, గచ్చ మనకు అనాదిగ నున్నవే. కాని నేడు చెఱువు కట్టలు, కాలువ గట్లు, బీడు భూములు నిండ నల్లుకొనిన సర్కారు తుమ్మ మాత్రము పరదేశి. 1876లో మదరాసు రాజధాని ఉత్తర మండలపు అడవుల అధికారియైన బెడ్డోము అను దొర, మెట్టభూములలో పెరుగగల అమెరికా దేశపు చెట్ల విత్తనములు తెప్పింపుడని ప్రభుత్వమునకు వ్రాసెను. మరుసటి సంవత్సరము అవి మొలిపింపబడినది మఱెక్కడనో కాదు, మన కడప జిల్లా కమలాపురముననే. వంటచెఱకు లేని సీమకు వంటచెఱకు కలుగవలెనని ఆయన తలంపు. అది నెరవేరినది కూడ. ఎందఱో పేదల పొయ్యిలు నేటికిని ఆ కంపతోనే మండుచున్నవి. బొగ్గు కాల్చి బ్రదుకువారును కలరు. అందుచేత ఆ చెట్టును తిట్టుటకు మాకు నోరు రాదు. కాని కంపను నఱికి కట్టలు కట్టి ఇంటికి ఈడ్చుకొని పోవునప్పుడును, చేనికి కంచె వేయునప్పుడును రాలిన ముండ్లు దారిలోనే యుండిపోవును. ఎండిన ముల్లు మేకువలె గట్టిపడి నెలల తరబడి సైకిలు కొఱకు కాచుకొనియుండును.

ఇక పల్లేరు కాయ సంగతి చెప్పనక్కఱలేదు. ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలుచునట్లు పుట్టిన కాయ యది. మన నేలవంటి ఉష్ణదేశములనుండి అది అమెరికాకు ప్రాకి, అచ్చటి సైకిలువారిచేత "పంచరు తీగ" అను బిరుదు సంపాదించుకొనినది. వారు మనకు తుమ్మ నిచ్చిరి, వారికి పల్లేరు పోయినది. లెక్క సరిపోయినదని మా తోటి ఉపాధ్యాయు డొకరు పరిహాసమాడుదురు. ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల వైపు పిల్లలకు వీనికి తోడు నాపరాతి పెచ్చులు. వాని అంచులు కత్తివలె టైరును కోయును.

ముండ్లను మన మాపలేము. కాని ముల్లుకంటె ఎక్కువ చక్రములను చెఱచు శత్రువు వేఱొకటి కలదు. అది సగము గాలి.

మన యెండల సీమలో ఒక నమ్మకము గట్టిగ పాతుకొనియున్నది. వేసవిలో నిండుగ గాలి కొట్టినచో చక్రము పేలిపోవుననియు, కావున మెత్తగ నుంచుటయే క్షేమమనియు చెప్పుదురు. మేమును చిన్ననాట ఒక సైకిలు దుకాణమున విని, పెక్కేండ్లు అదియే పాటించి, రెండు రిమ్ములు సొట్టలు పోగొట్టుకొంటిమి. తరువాత తరగతిలో వాయువుల ధర్మములు చెప్పుచు ఒకనాడు లెక్క వేసి చూచితిమి. పై తరగతుల విద్యార్థులు తామును వేయుదురు గాక. ఉదయమున 27 డిగ్రీల వేడిలో చక్రమున చదరపు అంగుళమునకు 50 పౌనుల ఒత్తిడి కలదనుకొందము. బయటి గాలి ఒత్తిడి సుమారు 15 పౌనులు కలుపవలెను, మొత్తము 65. మధ్యాహ్నపుటెండలో టైరు 57 డిగ్రీలకు కాగినదనుకొందము. వాయువుల లెక్కలో ఉష్ణమానమునకు 273 చేర్చవలెను గనుక అది 300 నుండి 330కి పెరిగినది, అనగా పదింట ఒక వంతు. ఒత్తిడియు ఆ పాళ్ళననే పెరిగి 65 కాస్త 71½ అగును. బయటి గాలి 15 తీసివేయగా మిగులునది 56½. ఇంత యెండకు పెరిగినది ఆఱున్నర పౌనులు మాత్రమే! దీనికి వెఱచి మనము సగము గాలిని వదలివేయుచున్నాము. గట్టి టైరు దీనికి పేలదు. పేలినదనగా టైరు ముందే నెర్రెలిచ్చినదో, కోత పడినదో, అంచు రిమ్ములో సరిగ కూర్చుండలేదో అయి యుండవలెను. అంతగ భయము తోచినచో టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెకు నాలుగైదు పౌనులు తక్కువ కొట్టి, సైకిలును నీడను నిలుపుడు. చాలును.

సగము గాలితో నడిపిన సైకిలుకు వచ్చు చేటు మూడు విధములు. మొదటిది అందఱెఱిగినదే, బరువు. మెత్తని టైరు నేలకు అతుకుకొని నడచును. ప్రతి తొక్కుడులో కొంత బలము రబ్బరును నలుపుటకే వ్యయమగును. ఎదురుగాలిలో పది కిలోమీటర్లు త్రొక్కి వచ్చు పిల్లవాడు మొదటి పిరియడులో నిద్రపోయిన, వానిని సోమరి యనుటకు ముందు వాని చక్రమును నొక్కి చూడుట మంచిది. రెండవది, రాతిమీదికో గుంత అంచుమీదికో ఎక్కినప్పుడు టైరు పూర్తిగ అణగి, రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి తెగును. విప్పి చూచిన పాము కఱచినట్లు రెండు రంధ్రములు ప్రక్కప్రక్కన కనబడును. అట్టిదానికి ముల్లును వెదకి లాభము లేదు. అక్కడ ముల్లే యుండదు.

మూడవదాని నెవ్వరును గమనింపరు. గాలి తక్కువైనప్పుడు టైరు రిమ్ముపై కొంచెము కొంచెముగ జారును. బ్రేకు వేసినప్పుడెల్ల మఱికొంత జారును. దానితో లోని ట్యూబు లాగబడి, గాలి కొట్టు గొట్టము ప్రక్కకు వ్రాలి, తుదకు మొదలంట చినుగును. ట్యూబులో మఱియెక్కడ చిల్లి పడినను అతికింపవచ్చును గాని గొట్టము మొదలు చినిగినచో అతుకు నిలువదు, కొత్త ట్యూబు కొనవలసినదే. మా పాకలో నాడు చూచిన చక్రములలో గొట్టము నిటారుగ నిలువక వాలియున్నవి ఏడు. విద్యార్థులారా, ఈ పుటను చదివిన వెంటనే పోయి మీ సైకిలు గొట్టమును చూడుడు. వాలియున్నచో గాలి తీసివేసి, టైరును సవరించి, గొట్టమును నిలువుగ చేసి, మరల గాలి కొట్టుడు.

ఎంత గాలి చాలునని యడుగుదురు. మన సామాన్యపు సైకిళ్ళ గొట్టమునకు ఒత్తిడిని కొలుచు సాధనము సరిగ పట్టదు. లోని చిన్న రబ్బరు తొడుగు గాలిని లోనికి పోనిచ్చును గాని వెలికి రానీయదు గదా. కావున వ్రేలే కొలత, కన్నే సాక్షి. బొటనవ్రేలితో గట్టిగ నొక్కినను టైరు కొంచెమే లొంగవలెను. ఎక్కి కూర్చున్నప్పుడు క్రింది భాగము రవంత మాత్రము ఉబ్బవలెను. వెనుక చక్రము మనిషి బరువులో పెద్దపాలును మోయును గనుక ముందుదానికంటె గట్టిగ నుండవలెను. వెనుక చెల్లెలినో, గడ్డిమోపునో ఎక్కించుకొనువారు మఱి కొంచెము కొట్టుకొనవలెను. ఏ చిల్లియు లేకున్నను రబ్బరుగుండ గాలి మెల్లమెల్లగ వెలికి పోవుచునేయుండును. కావున ఆదివారము సాయంకాలము ఒకసారి చూచుకొనుట మంచిది.

ఆ చిన్న రబ్బరు తొడుగును గూర్చి రెండు మాటలు. దానిని వాల్వు ట్యూబు అందురు. చిటికెనవ్రేలి గోరంత వస్తువు, వెల అత్యల్పము. మన వేడికి అది త్వరగ జిగురుపట్టియో ఎండి చిట్లియో పాడగును. గాలి రాత్రికి రాత్రి దిగిపోవుచు, ట్యూబును నీటిలో ముంచి ఎంత వెదకినను బుడగ కానరాకున్నచో, దోషము ఈ తొడుగుదే యని తలంపవచ్చును. గొట్టము మూతికి ఒక చుక్క ఉమ్మి తడి పెట్టి చూడుడు. బుడగ లేచినచో తెలిసిపోవును. ఈ యొక్క పరీక్ష తెలియక పంచరు లేని ట్యూబును విప్పించి, కూలి చెల్లించినవారు మా పిల్లలలో పెక్కురు. అంగులము పొడుగు తొడుగు ముక్క ఒకటి పుస్తకముల సంచిలో నుంచుకొనుట పెన్సిలు నుంచుకొనుటకంటె కష్టము కాదు.

ఇక పంచరు. తెలియనివారు చేయు మొదటి తప్పు దారిలోనే ముల్లును పెఱికివైచుట. చేతిలో పంపు లేదు, అతుకు లేదు. ముల్లు దిగియున్నను గాలి ఇంకను నిలిచియున్నది. అప్పుడు ముల్లే బిరడా. దానిని తీయక మెల్లగ బడికి చేరుకొనుడు. బాగుచేయునప్పుడు రెండవ తప్పు జరుగును. ట్యూబునకు అతుకు వేసి, టైరులోపల చూడకయే మరల ఎక్కింతురు. సర్కారు తుమ్మ ముల్లు గట్టిదే గాని మొన విఱుగును. విఱిగిన మొన టైరు రబ్బరులో దాగి, బయటికి కనబడక, లోపలికి ఆవగింజంత పొడుచుకొనియుండును. గాలి నిండిన గడియకే మరల చిల్లి. "నిన్ననే వేయించితిని, వాడు మోసము చేసినాడు" అని దుకాణమువానిని తిట్టువారిలో సగముమంది తిట్టవలసినది ఆ మొనను. కావున టైరు లోపలి భాగమును వ్రేళ్ళతో మెల్లగ, మిక్కిలి మెల్లగ, చుట్టును తడవి చూడవలెను. ఒక నూలుగుడ్డను త్రిప్పినచో మొన దారము నంటి పట్టువడును. వ్రేలికి నెత్తురు రాదు.

చిల్లిని కనుగొనుటకు గంగాళమెడు నీరు కావలెనని పుస్తకములు చెప్పును. మన యూళ్ళలో వేసవిని గంగాళమెడు నీరు పంచరుకు పోయుదురా? ట్యూబున కొంచెము గాలి నింపి, చెక్కిలికి దగ్గఱగ మెల్లగ త్రిప్పిన చల్లని యూపిరి తగులును. పెదవి మఱింత సూక్ష్మముగ చెప్పును. ఎచ్చటనో తెలిసిన పిమ్మట చెంబెడు నీటితో నిర్ధారించుకొనవచ్చును. చిల్లి చుట్టును గరుకు కాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషను పలుచగ పూయవలెను. ఇచ్చట ఓర్పు కావలెను. తడిమీదనే అతుకు వేయుటచేతనే పిల్లల అతుకులు ఊడిపోవుచున్నవి. తడి మెఱపు పోయి, ముట్టుకొనిన వ్రేలికి అంటీయంటనట్లు ఆఱిన తరువాత అతుకు నుంచి, నడుమనుండి అంచులకు గట్టిగ నొత్తవలెను. పిదప దానిపై సుద్దపొడి చల్లిన టైరునకు అంటుకొనదు. సుద్దపొడికి మాత్రము ఏ పాఠశాలయందును కొఱత లేదు!

గాలితో చక్రమును నింపవలెనను తలంపే యొక తండ్రి ప్రేమతో ముడిపడినది. స్కాట్లండు దేశీయుడైన థామ్సను 1845లోనే అట్టి చక్రమునకు హక్కుపత్రము పొందెను గాని అది వాడుకకు రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగ నుండిన డన్లపు, తన కుమారుని మూడుచక్రముల బండి రాతిబాటలపై కుదుపకుండుటకై రబ్బరు గొట్టమున గాలి నింపి చక్రమునకు చుట్టెను. పశువులకు మందిచ్చు వైద్యుడు తన చేతులతో రబ్బరు కోసి, అతికి, గుడ్డ చుట్టి చేసినాడు. అది తనకు తగని పని యని ఆయన తలంపలేదు.

ఈ మాట ఏల చెప్పవలసివచ్చెననగా, పాఠశాలలో పంచరు వేయుట నేర్పుదుమని మేము తల్లిదండ్రుల సమావేశమున చెప్పినప్పుడు, ఒక పెద్దమనిషి లేచి, "అయ్యా, మా వానిని చదువుకొనుటకు పంపినాము గాని సైకిలుషాపు పెట్టుటకు కాదు" అనెను. కొందఱు తలలూపిరి. వారిపై మాకు కోపము లేదు. చేతిపని చేసి చేసి అలసిన తరమువారు తమ బిడ్డల చేతులు నల్లబడకూడదని కోరుట సహజమే. కాని మేము శిక్షణ కళాశాలలో బాయిలు నియమమునకు పాఠ్యపథకము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొనినవారము. నాడు మా చేతికి సైకిలు పంపు నిచ్చి, దాని అడుగు భాగము ఏల వేడెక్కునని యడిగినవారు లేరు. మీరు ఇరువదిసార్లు కొట్టి, గొట్టము అడుగున చేయి పెట్టి చూడుడు. ఒత్తబడిన గాలి కాగుటను పుస్తకము చెప్పుటకంటె అరచేయి బాగుగ చెప్పును. ఆ వేడిని ఎఱిగినవానికి బాయిలు 1662లో చెప్పినది ఎక్కడ నిలుచునో, ఎక్కడ నిలువదో గూడ తెలియును. ఇది చదువు కాదనుట మాకు సమ్మతము కాదు.

మఱియొక సంగతి. మా చిన్ననాట, అనగా 1990 ప్రాంతములలో, ప్రతి వీధి మొగను గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చు దుకాణముండెను. అచ్చట పంపు బయటనే యుండెడిది. నేడు ఆ దుకాణములలో పెక్కు మూతపడినవి. ఉన్నవారికి మోటారు సైకిళ్ళ పనియే తెమలదు. సైకిలు తెచ్చిన పిల్లవానిని "రేపు రాపో" అందురు. రేపనగా బడి తప్పినట్లే. కావున ఈ విద్య ఇప్పుడు దుకాణమువాని కూడు పడగొట్టుట కాదు. అతడు వదలుకొనిన పనిని మనము చేసికొనుట.

సైకిళ్ళను నిలుపుటలోను కొంత జాగ్రత్త కావలెను. గాలి లేని చక్రముపై సైకిలును వేసవి సెలవులంతయు నిలిపినచో, మడతపడినచోట టైరు చీలును. గాలి నింపి నీడను పెట్టి పోవలెను. టైరు నల్లగ మెఱయుటకై కిరసనాయిలు పూయువారున్నారు. అది రబ్బరును ఉబ్బించి మెత్తబఱచి చంపును. ఆ మెఱపు వలదు.

మా కోరిక యిది: ప్రతి పాఠశాల తన సామగ్రి పట్టికలో భూగోళముతోపాటు ఒక పంపును, ఒక అతుకుల పెట్టెను చేర్చుకొనవలెను. ఎనిమిదవ తరగతిలో బాలురు, బాలికలు అందఱును ఒక ట్యూబునైనను తమ చేత అతికి చూపవలెను. మఱియు ఆలస్యముగ వచ్చినవారిని నిలువబెట్టుటకు ముందు ఉపాధ్యాయులు ఒక్క ప్రశ్న అడుగవలెను. ఈ మూడవది మాకు మేము విధించుకొనినది.

ఆగస్టు మాసమునుండి మా వసారాలో గంట వ్రేలాడు స్తంభము ప్రక్కను పంపు నిలిచియున్నది. మొదటి అతుకు వేసినది ఆ కాలువకట్ట బాలికయే. అతుకు వంకరగ పడినది గాని అర్ధసంవత్సర పరీక్షలదాక ఊడలేదు. పంపును మాత్రము ఒకసారి బాగుచేయవలసివచ్చెను. ఎంత కొట్టినను గాలి పోవుట లేదని పిల్లలు మొఱపెట్టగా విప్పి చూచితిమి. లోని తోలు బిళ్ళ మన యెండకు అప్పడమువలె ఎండి ముడుచుకొనియుండెను. నాలుగు చుక్కల ఆముదము వేసి, ఒక రాత్రి నానబెట్టి, వ్రేళ్ళతో అంచులు విప్పి మరల బిగించితిమి. ఆముదపు బుడ్డి ఇప్పుడు సుద్దముక్కల పెట్టె ప్రక్కన నుండును. మార్చి నెల వచ్చినది గనుక పదునైదు దినముల కొకసారి వేయుమని ఎనిమిదవ తరగతివారికి చెప్పియున్నాము.